నాలుగు ఒకట్లు

రోటన్‌వైలర్, 4-5-1946

వెరెనా అక్కా,

సరిహద్దు దాటి ఉత్తరాలు మళ్ళీ పోతాయని పోస్టాఫీసు తలుపు మీద కాగితం అంటించారు. మొదటిది నీకే రాస్తున్నాను. మా మేడ కిటికీలోంచి చూస్తే మీ బాసెల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. నడిస్తే రెండు గంటలు. అటు యుద్ధం ముట్టని మీ దేశం, ఇటు ఓడిపోయిన మా జర్మనీ, మధ్యలో ముళ్ళతీగ, దాని ముందు ఫ్రెంచి సిపాయి. ఉత్తరాలు కూడా విప్పి చదువుతారట. చదవనీ. దాచుకోవడానికి మా ఇంట్లో ఏమీ మిగల్లేదు.

అమ్మ బతికే ఉంది. పెద్దమ్మ పోయిందని ఆలస్యంగా తెలిసింది, అమ్మ ఏడ్చింది. నేను నేత మిల్లులోనే ఉన్నాను. నా ఎడమ పక్క మగ్గం ఖాళీ. అది వేఫిది. దాని ముందు ఎవరూ నిలబడరు.

జరిగింది నీకు తెలుసు. అయినా మొదటి నుంచీ రాస్తాను. మా ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్తున్నారు. సరైనది ఒక్కటైనా కాగితం మీద ఉండాలి.

మా అన్న ఫ్రిడొలిన్‌ది రైల్వేలో చక్రాలు కొట్టి చూసే పని. పొడుగు కర్ర సుత్తితో ప్రతి చక్రాన్నీ కొట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పాలి. 1942లో ఆర్నెల్లు తూర్పు వైపు వేశారు. తిరిగి వచ్చాక సరిగ్గా తినేవాడు కాదు. ఒకరోజు బంగాళాదుంపలు ఒలుస్తూ చెప్పాడు. "మనుషుల్ని క్యాంపులకి తోలే సీలు వేసిన బండి లియోబా. చక్రం మీద కొట్టాను. లోపలి నుంచి ఎవరో తిరిగి కొట్టారు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ కొట్టారు. ఇన్‌స్పెక్టరు అరిచాడు, ఏరా నిద్రపోతున్నావా, తర్వాతి చక్రం చూడూ అని. నేను తర్వాతి చక్రానికి వెళ్ళిపోయాను."

అంతే చెప్పాడు. ఆ తర్వాత బాసెల్‌లో ఉన్న మా జర్మన్ రైల్వే స్టేషనుకి మార్చారు. పనికని రోజూ సరిహద్దు దాటేవాడు. ఆ ఏడాది తిరక్కుండానే నీ దగ్గరికి వచ్చాడు.

నువ్వప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేదానివి. అక్కడికి పన్ను నొప్పని ఒక ఇంగ్లీషు పెద్దమనిషి వచ్చేవాడు. రెండేళ్ళు తిరిగినా ఆ ఒక్క పన్నూ నయం కాలేదు పాపం. అన్న నీకు చీటీ ఇచ్చేవాడు, నువ్వు అతనికి ఇచ్చేదానివి. ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు, అన్నీ వాళ్ళ బాంబు విమానాల కోసం.

1944 అక్టోబరు 24. మా ఊరి బయట అడవి పక్క సైడింగులో, బండ్లు ఆపి ఉంచే పక్కపట్టాల మీద, పెట్రోలు ట్యాంకులు 11 గంటలకి నిలుస్తాయి. ఆ టైముకి అక్కడ ఇద్దరు కాపలావాళ్ళు, ఒక కుక్క తప్ప ఎవరూ ఉండరు. అన్న అందుకే ఆ టైము పంపాడు. విమానాలు 17 గంటలకి వచ్చాయి. రైల్వే గడియారంలో 17 అంటే సాయంత్రం ఐదు. పెట్రోలు మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. సైడింగులో ఉన్నది పని దిగినవాళ్ళని ఇళ్ళకి చేర్చే మా మిల్లు బండి. 26 మంది ఆడవాళ్ళు పోయారు. వాళ్ళలో వేఫి ఒకతె. క్రిస్మస్ అయ్యాక నాకు వదిన కావలసిన మనిషి. నాకు ఆ రోజు ఓవర్‌టైము పడింది. అందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

అన్న పరిగెత్తుకుంటూ వచ్చి, కాలుతున్న పెట్టె ముందు నిలబడి అరిచాడు. "పదకొండన్నాను! పదకొండన్నాను కదరా!" ఊరంతా విన్నది. పోలీసుల చెవినా పడింది. నవంబరు 11న అన్నని రాతిగని దగ్గర కాల్చేశారు. సెయింట్ మార్టిన్ పండక్కి పిల్లలు కాగితం లాంతర్లు అంటించుకుంటున్న రోజు.

ఇప్పుడు స్టేషన్లో రాయి నిలబెడుతున్నారు. యుద్ధంలో పోయిన రైల్వేవాళ్ళందరి పేర్లూ చెక్కుతారు. చివరి రోజు దాకా పార్టీ బిళ్ళ పెట్టుకు తిరిగినవాడి పేరు కూడా ఉంది. అన్న పేరు లేదు. విమానాల్ని మన ఆడపిల్లల మీదికి పిలిచినవాడట. అందరికంటే గట్టిగా అనేది వేఫి వాళ్ళమ్మ. సెప్టెంబరు 20న కమిటీ తేలుస్తుంది. స్టేషన్ మాస్టరు ఓట్‌మార్ దానికి పెద్ద. "అమ్మాయ్, నీ నోరు సాక్ష్యం కాదు, కాగితం తే" అన్నాడు.

కాబట్టి నాకు కాగితం కావాలి. ఫ్రిడొలిన్ హ్యూగిన్ 11 అనే చెప్పాడు, తప్పు మాది, అని నీ పన్నునొప్పి పెద్దమనిషి చేత రాయించి పంపు. అంతకంటే ఏమీ అడగను.

లియోబా

*

బాసెల్, మే నెల ఇరవై తొమ్మిదో తేదీ, పంతొమ్మిది వందల నలభై ఆరు

నా చిట్టి లియోబా,

నీ అక్షరం చూడగానే కవరు విప్పడానికి చేతులు రాలేదు. స్టౌ పక్కన పెట్టి, పని చూసుకుని వచ్చి, అప్పుడు విప్పాను.

ఆ పెద్దమనిషి పోయిన వేసవిలోనే వెళ్ళిపోయాడమ్మా. అడ్రసు ఇవ్వలేదు. అలాంటివాళ్ళు ఇవ్వరు. పళ్ళ డాక్టరు దగ్గర నేనూ మానేశాను. ఇప్పుడు చేతితొడుగులు అమ్మే కొట్లో ఉన్నాను. రోజంతా జనం చేతులు చూస్తూ గడిచిపోతుంది.

పిన్నికి కాఫీ గింజలు, జున్ను, ఒక సబ్బు పంపుతున్నాను. ఆగస్టులో పిన్ని చేసే ప్లమ్ పళ్ళ కేకు రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. ఫ్రిడో గింజలు ఏరకుండానే తినేసి, వాటిని నా జేబులో వేసేవాడు. నా కోటు జేబుల్లో ఎప్పుడూ గింజలే.

రాయి మీద పేరు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? ఫ్రిడో ఎలాంటివాడో నీకు తెలుసు, నాకు తెలుసు. సరిహద్దు తెరిచాక ఇక్కడికి వచ్చెయ్యి. కొట్లో నీకు పని ఇప్పిస్తాను. ఆ ఊళ్ళో ఉండి రోజూ ఆ మాటలు వినడం దేనికి?

ప్రేమతో,
నీ అక్క వెరెనా

*

రోటన్‌వైలర్, 20-6-1946

వెరెనా అక్కా,

కాఫీ తిప్పి పంపుతున్నాను. సగమే ఉంటుంది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి అమ్మ మిగతా సగం మరగబెట్టేసింది. జున్ను లేదు. సబ్బు వాడను.

నేను అడిగింది కాగితం. నువ్వు పంపింది పొట్లం. చేతితొడుగుల కొట్టు గురించి ఎవరడిగారు? ఇంకోమాట. దస్తావేజు రాసే గుమస్తాలాగా తేదీ అంతా అక్షరాల్లో ఎందుకు రాస్తావు? పంతొమ్మిది వందల నలభై ఆరు! అంకెలు వేస్తే సిరా అరిగిపోతుందా? మీ దేశంలో అన్నీ ఎక్కువే, సిరా కూడా.

రాయి మీద పేరు ఉంటే ఏమిటని అడిగావు. పాల కోసం వరసలో నిలబడితే తెలుస్తుంది ఏమిటో. ఈ సోమవారం నా వెనక ఇద్దరు, నాకు వినబడేలాగే:

"చూడవే, టైము చెప్పినవాడి చెల్లెలు."

"గడియారం చూడ్డం రాలేదేమో పాపం."

"ఎందుకు రాదు? మిల్లు వదిలే టైము వాడికి నిమిషాలతో సహా తెలుసు. వేఫి కోసం రోజూ గేటు దగ్గర కాసేవాడుగా."

ముందు వేఫి వాళ్ళమ్మ ఉంది. చెంబు కింద పెట్టి వెనక్కి తిరిగింది. "వాడికి పిల్లనివ్వనని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఆ పగే కదే తీర్చుకున్నాడు?" అని నా మొహం మీద అడిగింది. పాలు తీసుకోకుండా వచ్చేశాను.

ఫ్రెంచి ఆఫీసరు దగ్గరికి కూడా వెళ్ళాను. దుబాసీ చేత చెప్పించాడు: "మీ అన్న మాకు సాయం చేశాడా? భలే. ఈ నెలలో ఇలా చెప్పినవాళ్ళలో నువ్వు నలభయ్యోదానివి. ఇంతమంది మా వైపుంటే యుద్ధం ఎవరితో చేశామో!" గదిలో అందరూ నవ్వారు. నిజం చెప్తే నవ్వు ఎలా వస్తుందో ఆ రోజు చూశాను.

ఇప్పుడు సూటిగా అడుగుతాను. ఆ చీటీ నువ్వు ఎప్పుడు ఇచ్చావు? ఎలా ఇచ్చావు? ఏం ఇచ్చావు? అన్న చెప్పినది ఒకటి, విమానాలకి చేరినది ఇంకొకటి. మధ్యలో ఉన్నది మనుషులే. వాళ్ళలో నాకు తెలిసినదానివి నువ్వొక్కదానివే.

అన్న సుత్తి ఇంకా వంటింటి గోడకే ఉంది. అమ్మ తియ్యనివ్వదు. గాలి వేస్తే గోడకి తగిలి మోగుతుంది. మోగినప్పుడల్లా అమ్మ "ఆఁ, వస్తున్నా" అంటుంది.

లియోబా

*

బాసెల్, జూలై తొమ్మిదో తేదీ

లియోబా,

నాకు వచ్చినదే నేను ఇచ్చాను. ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. ఒట్టు.

ఇక్కడున్న ఇంగ్లీషు ఆఫీసుకి నీ మాట విని వెళ్ళాను. అలాంటి మనిషీ లేడు, అలాంటి చీటీ లేదు, మీరు పొరబడ్డారు అన్నారు. తలుపు దాకా వచ్చి మర్యాదగా సాగనంపారు.

నిన్ను చేతులెత్తి అడుగుతున్నాను, ఆ కాగితం అడగకు. అది దొరికినా మనలో ఎవరికీ మంచి జరగదు. ఫ్రిడో చేతివేళ్ళు నలిగిన సంగతి ఊళ్ళో ఎవరికైనా తెలుసా? తెలియకపోతే చెప్పకు.

వెరెనా

*

రోటన్‌వైలర్, 11-8-1946

వెరెనా అక్కా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. అన్న వేళ్ళ ఊసు నువ్వెందుకు ఎత్తావు? నేను నీకు రాయలేదు. అంటే నువ్వు ఆ చీటీ చూశావు. చూసి, అది అన్న రాత కాదని పోల్చావు. నేను దాచినది నీకు ముందే తెలుసన్నమాట. సరే, ఇక దాచను. ఫ్రెంచివాడు చదివితే చదువుకోనీ.

ఆ చీటీ రాసింది నేను.

అక్టోబరు 23 మధ్యాహ్నం. అంతకు ముందు వారం రెండు రైలుపెట్టెల బఫర్ల మధ్య పడి అన్న కుడిచేతి వేళ్ళు మూడు నలిగాయి. గుడ్డ చుట్టుకుని, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని పనికి పోతున్నాడు. సెలవు పెడితే సరిహద్దు దాటడం ఉండదుగా. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని "నువ్వు రాయవే" అన్నాడు.

"నాకు తప్పుల్లేకుండా రాయడం రాదుగా."

"వాళ్ళకి జర్మన్ రాదు, నీకు తప్పుల్లేకుండా రాయడం రాదు. సరిపోయింది."

పెన్సిలు మొన అరిగితే ఎడమచేత్తో కత్తి పట్టి చెక్కిచ్చాడు. ఊరి పేరు చెప్పాడు, రాశాను. సైడింగు అన్నాడు, రాశాను. గంటలు ఎంత అన్నాను.

"పదకొండు."

"గట్టిగా పదకొండేనా? దాటిపోతే?"

"మిల్లు బండి వచ్చే టైముకి ఆ చోటు చల్లారిపోయి ఉండాలి కదే మొద్దూ. పదకొండు."

రాశాను. రెండు ఒకట్లు. అన్న కాగితం తిప్పి చూసి నవ్వాడు. "ఏమిటే నీ ఒకట్లు? పొలంలో దిగిన కొంగల్లా ఉన్నాయి. ముక్కు నేలకి తగులుతోంది" అన్నాడు. ఇంట్లో అన్న నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

నేను ఎనిమిదేళ్ళ బడితో మానేసినదాన్ని. మిగతా చదువు అన్న తెచ్చిన చింకి పుస్తకాల్లో చదువుకున్నదే. కానీ పదకొండు రాయడం నాకు వచ్చు. ఈ ఉత్తరం పైన తేదీ చూడు. 11. చీటీలో కూడా అచ్చం అలాగే రాశాను. పక్కన పెట్టి పోల్చుకో. నా చేతిలో తప్పు లేదు. తప్పు ఉన్నది నీ చేతిలోనో, ఆ ఇంగ్లీషువాడి చేతిలోనో. ఇరవై ఆరుగురు చచ్చిన తప్పుకి ఒక చెయ్యి ఉండాలి. అది ఎవరిదో నాకు కావాలి.

ఆ చీటీ నీ దగ్గరే ఉంది. ఉందని నాకు తెలుసు. నీకు అబద్ధం ఆడ్డం రాదు, మాట తప్పించడమే వచ్చు. చిన్నప్పుడు జాము సీసా పగలగొట్టినప్పుడూ ఇంతే. పంపు.

పంపకపోతే ముళ్ళతీగ దూరి వస్తాను. కాల్చుకుంటే కాల్చుకుంటారు. మా ఇంట్లో అది కొత్త కాదు.

లియోబా

*

బాసెల్, ఆగస్టు ముప్ఫయ్యో తేదీ

లియోబా,

చీటీ ఇందులో ఉంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత అది విప్పు. ఈ ఒక్కసారి అక్క మాట విను.

మా పద్ధతి ఇదీ. ఫ్రిడో వెనక తలుపు దగ్గరికి వచ్చి, దూదిలో చుట్టిన చీటీ ఇచ్చేవాడు. నేను దాన్ని తిరగరాసేదాన్ని. రోగులకి మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చే అట్ట ఉంటుంది కదా, దాని మీద. చీటీ స్టౌలో వేసేదాన్ని, అట్ట ఆ పెద్దమనిషి జేబులోకి పోయేది. దారిలో ఎవరు ఆపినా పళ్ళ డాక్టరు అట్టే.

తిరగరాయడానికి ఇంకో కారణం ఉంది. మొదట్లోనే ఆ పెద్దమనిషి నాకు నేర్పాడు. మనం ఒకటి ఎలా రాస్తాం? కింది నుంచి ఒక గీత పైకి లేపి, అక్కడి నుంచి నిలువుగా దించుతాం. ఇంగ్లీషువాళ్ళ ఒకటికి ఆ ముందరి గీత ఉండదు. ఒట్టి నిలువు కర్ర. మన ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంటుంది. వాళ్ళ ఏడుకి ఉండదు. అందుకని మన ఒకటి వాళ్ళ కంటికి ఏడులా కనిపిస్తుంది. "మిస్, ఒకటికి ముక్కు తీసేసి రాయండి" అనేవాడు. రెండేళ్ళు అలాగే రాశాను. ప్రతి చీటీలో, ప్రతి ఒకటికీ ముక్కు తీసేశాను.

ఆ రోజు తియ్యలేదు.

అంతకు రెండు రోజుల ముందు మా దేశం పోలీసు ఒకతను మేకు కొట్టినట్టు అరగంట డాక్టరు దగ్గర కూర్చున్నాడు. ఎవరెవరు వస్తారు, ఎన్నిసార్లు వస్తారు అని అడిగాడు. రోగుల అట్టలు చూపించమన్నాడు. ఒక అట్ట పట్టుకుని "రాత బావుంది, ఎవరిది?" అన్నాడు. నాదే అన్నాను. "గుర్తుంచుకుంటాను" అని నవ్వి వెళ్ళాడు. ఇక నా రాతతో ఒక్క ముక్క కూడా ఎవరి జేబులోనూ ఉండకూడదనుకున్నాను.

ఫ్రిడో వచ్చాడు. చీటీ విప్పి చూశాను. ఫ్రిడో రాత కాదు. నీది. పోల్చాను. పుట్టినరోజు కార్డుల మీద ఆ ఒకట్లు నేను చూడనివా? "చెయ్యి నలిగింది, చెల్లెలు రాసింది" అన్నాడు, పిల్ల మొదటిసారి సైకిలు తొక్కిందని చెప్పినట్టు. అతను వెళ్ళాక ఆ చీటీ మళ్ళీ మడిచాను. దూదిలో చుట్టి, ఉన్నది ఉన్నట్టు ఆ పెద్దమనిషి అరచేతిలో పెట్టేశాను. దొరికితే నీ రాత దొరుకుతుంది, నాది కాదు. అవును, అది కూడా అనుకున్నాను. నా చేతిరాత దాచుకోవడానికి నీ చేతిరాత ఇచ్చాను.

అతను జర్మన్ బాగా చదవగలడు. కానీ దాన్ని విప్పలేదు. ఎప్పటిలా నేను తిరగరాసినదే అనుకుని నేరుగా టైపు చేసే అమ్మాయికి ఇచ్చాడు. ఆమె ఇంగ్లండు నుంచి వచ్చి వారమైంది. దూది తడికి మడతలో ఒక గీత చెరిగిపోయింది. మొదటి ఒకటికి ముక్కు పోయింది, రెండోదానికి ఉంది. ఆమె ఏం చదివిందో నీకు చెప్పక్కర్లేదు.

బాంబులు పడిన మూడోరోజు అతను వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు గానీ పన్ను చూపించలేదు. చీటీ నా చేతిలో పెట్టి, "ఇది మా ఫైల్లో ఉండకూడదు, మీ దగ్గర ఉండాలి" అన్నాడు. ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళ తప్పు చెరిపేసుకోవడానికో, నా తప్పు నాకు ఇచ్చి పోవడానికో. ఫ్రిడోని పట్టుకున్నారని చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ రాలేదు.

అప్పటి నుంచి నేను అంకె వెయ్యలేదు. కొట్లో బిల్లు పక్కమ్మాయి రాస్తుంది. తేదీ అక్షరాల్లో రాస్తాను. నువ్వు ఎగతాళి చేశావు, చేయి. ట్రాము నంబరు చూసి ఎక్కాలన్నా ఒక్క క్షణం ఆగిపోతాను.

ఇన్నాళ్ళూ పంపనిది నన్ను కాపాడుకోవడానికి కాదని రాద్దామనుకున్నాను. రాయలేను. సగం నా కోసమే. మిగతా సగం నీ కోసం. నీకు తెలిస్తే ఈ బరువు నీదవుతుందని భయం. నువ్వు రాసింది తప్పు కాదు. మన దేశాల్లో బడికి వెళ్ళిన ప్రతివాళ్ళూ అలాగే రాస్తారు. ముక్కు తియ్యవలసినదాన్ని నేను.

దీన్ని కమిటీకి చూపిస్తే ఫ్రిడో పేరు నిలుస్తుంది. రాసినవాళ్ళెవరని అడుగుతారు. నీ అక్షరం ఆ మిల్లులో అందరికీ తెలుసు. కాల్చేసినా నేను ఏమీ అనను.

వెరెనా

*

రోటన్‌వైలర్, నవంబరు మూడో తేదీ

వెరెనా అక్కా,

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే ముందు చదివాను. తర్వాత చీటీ విప్పాను.

విప్పగానే నేను చదివింది పదిహేడు.

నా రాత. నా పెన్సిలు. పదకొండని తెలిసీ, నా కళ్ళకి అది పదిహేడే కనిపించింది. రెండేళ్ళుగా తలలో పదిహేడే మోగుతోంది కాబట్టి కావచ్చు. కాగితం కిందా మీదా తిప్పాను, దీపం దగ్గర పెట్టాను. అప్పుడు పదకొండైంది. కళ్ళు మూసి తెరిస్తే మళ్ళీ పదిహేడు. ముక్కు పోయిన కొంగ ఒకటి, పక్కన ముక్కున్న కొంగ ఒకటి. తెల్లారేదాకా వాటిని మార్చి మార్చి చదువుతూ కూర్చున్నానని రాయను, నిద్రపోయాను. నిద్రలో కూడా చదివాను.

స్టౌ మూత తీసింది నిజం. ఒక్క నిమిషం అలాగే పట్టుకున్నాను. గాలికి సుత్తి గోడకి తగిలింది. అమ్మ పక్క గదిలోంచి "ఆఁ, వస్తున్నా" అంది. మూత వేసేశాను.

కమిటీ స్టేషన్లో టికెట్ల గదిలో కూర్చుంది. ఓట్‌మార్, ఇంకో నలుగురు, వేఫి వాళ్ళమ్మ. చీటీ బల్ల మీద పెట్టి, ఏం అంకె ఉందో ఒక్కొక్కరూ చదవమన్నాను. ముగ్గురు పదకొండన్నారు. ఒకడు పదిహేడన్నాడు. ఇంకొకడు కళ్ళద్దాలు తుడుచుకుని, ముందు పదిహేడని, తర్వాత కాదు కాదు అన్నాడు. ఇంగ్లీషువాళ్ళ ఒకటి, మన ఒకటి గోడ మీద సుద్దతో రాసి చూపించాను. నువ్వు రాసినట్టే చెప్పాను. ఒక్క నీ పేరు తప్ప. "ఎవరి ద్వారా పోయింది?" అని అడిగారు. "అది చెప్పను, కావాలంటే నన్ను కూడా రాతిగనికి తీసుకెళ్ళండి" అన్నాను. ఓట్‌మార్ తల దించుకున్నాడు. ఆ రోజు అన్నని పట్టిచ్చింది ఎవరో నేనూ అడగలేదు.

వేఫి వాళ్ళమ్మ చీటీ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఫ్రిడొలిన్ రాత కాదిది" అంది.

"కాదు. వేళ్ళు నలిగాయి."

"మరి?"

అబద్ధం చెప్పడానికి అక్కడ కావలసినంత చోటుంది అక్కా. ఎవరో రాశారనొచ్చు. చచ్చిపోయినవాళ్ళ పేరు ఎవరిదైనా చెప్పొచ్చు. సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది.

"నేను" అన్నాను. "నేనే రాశాను. పదకొండని రాశాను. అది ఇలా అయింది."

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బావుండేది. చీటీని మడత మీదనే మళ్ళీ జాగ్రత్తగా మడిచి, నా ముందు పెట్టింది. "వాడి పేరు ఎక్కించండి" అంది ఓట్‌మార్‌తో. తర్వాత నా వైపు చూడకుండానే అంది: "దీని పేరు నేను మర్చిపోను. రాయి అక్కర్లేదు."

లేచి వెళ్ళిపోయింది. అందరూ ఓట్‌మార్ వైపు చూశారు. ఆయన పెన్ను తీసుకుని అన్న పేరు రాశాడు. అడిగింది దొరికింది. నాకు కావలసింది అదేనని అందరికీ చెప్తూ వచ్చాను కదా.

ఇప్పుడు మిల్లులో నా కుడి పక్క మగ్గం కూడా ఖాళీ. అక్కడుండే మనిషి, కిటికీ వెలుతురు సరిపోవడం లేదని వేరే వరసకి మారింది. కిటికీ నా పక్కనే ఉంది. పాల వరసలో నా వెనక ఎవరూ మాట్లాడరు. ముందు ఎగతాళి చేసేవాళ్ళు, ఇప్పుడు జరిగి చోటిస్తున్నారు. ఎగతాళే నయం.

నీ మీద కోపం పోలేదు. పోయిన రోజు రాస్తాను. ముక్కు తియ్యవలసినదానివి నువ్వు, అది నిజం. ముక్కు పెట్టినదాన్ని నేను, అదీ నిజమే. దీన్ని సగం సగం పంచుకుందామని చూశాను. పంచుకుంటే తగ్గుతుందనుకున్నాను, చెరొకటీ నిండుగా వచ్చింది. కాఫీ పంపితే పంపు. అమ్మ అడుగుతోంది.

నిన్న స్టేషనుకి వెళ్ళాను. రాతిపని కునో అన్న పేరు పూర్తిచేశాడు. అక్షరాలు బాగా వచ్చాయి. కింద తేదీ చెక్కాలి. ఉలి చేత్తో పట్టుకుని నన్ను పిలిచాడు.

"ఇటు రా అమ్మాయ్. పదకొండో నెల, పదకొండో తారీకు. ఏడాది కాకుండానే నాలుగు ఒకట్లు. నీ గొడవ విన్నాక నాకు చెయ్యాడ్డం లేదు. ముక్కుతో చెక్కమంటావా, కర్రలా చెక్కమంటావా?"

"అక్షరాల్లో చెక్కు."

"చోటు చాలదే. అందరికీ అంకెలుండి, వీడొక్కడికే అక్షరాలేంటి? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అడుగుతారు. అడిగితే నన్ను చూపించు."

కునో గొణుక్కుంటూ కొలత మళ్ళీ గీశాడు. చిన్న అక్షరాలతో మొదలుపెట్టాడు. నవంబరు. ఉలి మీద సుత్తి దెబ్బ పడుతుంటే స్టేషనంతా మోగింది. ఒక్కో దెబ్బకీ నేను చెవి ఒగ్గి విన్నాను, అవతలి నుంచి ఎవరైనా తిరిగి కొడతారేమోనని. కునో రెండుసార్లు ఇంటికి పొమ్మన్నాడు. చలి, చీకటి పడుతోంది, ఇంక చూసేదేముంది అన్నాడు.

పోలేదు. అన్న సరిగ్గా తినడం మానేసింది ఆ సీలు బండి లోపలివాళ్ళు తిరిగి కొట్టినందుకు కాదు. తను తర్వాతి చక్రానికి వెళ్ళిపోయినందుకు. ఆఖరి అక్షరం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ చెల్లెలు
లియోబా